లేత్ మార్చకండి, ముందు డ్రిల్లింగ్ సంగతి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మొత్తం ఎనిమిది స్లిమ్‌లైన్ (తిప్పితే మొన వచ్చే సన్నని పెన్ను కిట్) పెన్నులు చేశారు, అందులో మూడింటికి చెక్క చీలింది, యాక్రిలిక్ (ప్లాస్టిక్) బ్లాంక్, అంటే పెన్ను చేయడానికి కోసుకున్న ముక్క, డ్రిల్ చేస్తుంటే చివర్లో పెచ్చు ఎగిరిపోయింది, టిప్ (పెన్ను మొన దగ్గర లోహపు ముక్క) కలిసే చోట వేలికి మెట్టులా తగుల్తోంది, మెరుపు కోసం వేసిన సూపర్ గ్లూ పూత అంచుల దగ్గర పాలు పోసినట్టు తెల్లబడింది, రెండు పెన్నుల్లో రీఫిల్ మొన పూర్తిగా లోపలికి పోవట్లేదు. లేత్ (ముక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో తరిగే మెషీన్) చిన్నదవడం వల్లే ఇలా అవుతోందేమో, పెద్దది కొననా అని మీ ప్రశ్న.

కొనొద్దండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పెన్నంటే 19 మి.మీ. చదరపు ముక్కని పన్నెండు లోపు లావుకి తేవడమే కదా, దానికి మీ లేత్ ఎక్కువే. నేను పన్నెండేళ్ల నుంచి చేస్తున్నా, అందులో మొదటి నాలుగేళ్లు బల్ల మీద పెట్టుకునే బుల్లి లేతే, చెడగొట్టుకున్న పెన్నులు ఓ డబ్బా నిండా దాచుకున్నా కానీ వాటిలో లేత్ వల్ల చెడినవి ఒకటో రెండో. మీ ఐదు గొడవల్లో మూడు అసలు బ్లాంక్ లేత్ ఎక్కకముందే పుట్టాయి. మిగతా రెండూ కూడా మెషీన్ తప్పు కాదు.

ముందు చీలిక సంగతి. చీలిక రెండు రకాలు, మీది ఏదో మీరే చూసుకోవాలి. అసెంబుల్ చేసేటప్పుడు, అంటే బ్లాంక్ లోపల అతికించిన ఇత్తడి ట్యూబులోకి టిప్, క్లిప్ లాంటివి నొక్కేటప్పుడు, టక్‌మని చప్పుడొచ్చి చివర నుంచి చీలిందంటే అది ఒక కథ. పెన్ను బాగానే తయారై, రెండు మూడు వారాల తర్వాత పొడుగూతా వెంట్రుక లాంటి గీత పడిందంటే అది వేరే కథ. రెండోది పచ్చి చెక్క పని. చెక్క ఆరే కొద్దీ ముడుచుకుంటుంది, లోపల ఉన్న ఇత్తడి ట్యూబు ముడుచుకోదు, ఇంక చెక్క ఎక్కడికి పోతుంది, చీలాల్సిందే. మా బాబాయి వాళ్ల పెరట్లో చెట్టు కొట్టేస్తే గుర్తుగా ఉంటుందని ఆ కొమ్మతోనే ఆయనకో పెన్ను చేసిచ్చా, నెల రోజులే ఆరబెట్టా, పైకి ఎండినట్టే కనపడింది. ఇరవై రోజులకి ఆయన నవ్వుతూ జేబులోంచి తీసి చూపించాడు, క్లిప్ దగ్గర నుంచి మధ్య రింగు దాకా గోరు దిగేంత చీలిక. అప్పటి నుంచి బ్లాంక్ కోయగానే తూకం వేసి దాని మీదే పెన్సిల్‌తో తారీఖూ బరువూ రాసి పడేస్తా, వారానికోసారి తూస్తా, మూడు వారాలు వరసగా బరువు తగ్గకుండా ఉంటేనే డ్రిల్ దగ్గరికి తీసుకెళ్తా. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని పెద్ద దుంగలకి చెప్పే లెక్క ఉంది, బ్లాంక్ సైజుకి కోసేస్తే అంత పట్టదు కానీ తూకం వేస్తే మాత్రం అనుమానమే ఉండదు.

నొక్కేటప్పుడు చీలే రకానికి మూలం డ్రిల్లింగ్‌లోనో, గ్లూలోనో, అంచులు చదును చేయడంలోనో ఉంటుంది. ఈ మూడింటి మీదే నేను ఎక్కువ రాయబోతున్నా, ఎందుకంటే అందరూ వీడియోల్లో ఉలి పట్టుకునే భాగమే చూస్తారు, ఇవి మాత్రం ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తారు.

డ్రిల్లింగ్: స్లిమ్‌లైన్‌కి 7 మి.మీ. బిట్. ట్యూబులు రెండూ సుమారు 53 మి.మీ. ఉంటాయి, చాలామంది బ్లాంకుని ట్యూబుకి రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉంచి కోసేసి ఈ చివర నుంచి ఆ చివరకి తోసేస్తారు. బిట్ బయటికొచ్చే క్షణంలో కింద దాన్ని ఆపడానికి ఏమీ ఉండదు, పలచగా మిగిలిన పొర ఒక్కసారిగా ఊడొస్తుంది, మీ యాక్రిలిక్‌కి జరిగింది ఇదే, వందకి వంద. దీనికి మందు చాలా తేలిక. బ్లాంకుని పది పన్నెండు మి.మీ. పొడుగు ఎక్కువ ఉంచండి, బిట్ బయటికి రాకముందే ఆపేయండి, తర్వాత ఆ మూసుకున్న చివరని రంపంతో కోసేయండి, రంధ్రం దానంతటదే తెరుచుకుంటుంది. పెచ్చు లేవడానికి అసలు చోటే ఉండదు. అంత పొడుగు బ్లాంక్ లేదంటే కింద ఒక వృథా చెక్కని గట్టిగా ఆనించి బిగించండి, అంత గ్యారంటీ లేదు కానీ నయమే.

వేడి రెండో శత్రువు. యాక్రిలిక్ 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, బిట్ మొన దగ్గర అంత వేడి పుట్టడానికి అరనిమిషం కూడా పట్టదు. మెత్తబడిన ప్లాస్టిక్ బిట్ గాడుల్లో ముద్దలా అంటుకుంటుంది, పొట్టు బయటికి రావడం ఆగుతుంది, ఇంకా వేడెక్కుతుంది, రంధ్రం వంకర పోతుంది, చల్లారాక లోపల ఒత్తిడి మిగిలి ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. నేను యాక్రిలిక్‌కి స్పీడు నిమిషానికి 500 తిప్పుల దగ్గర పెట్టి, ఐదారు మి.మీ. దించగానే పూర్తిగా బయటికి తీసి, బ్రష్‌తో పొట్టు దులిపి, మళ్లీ దించుతా. పొట్టు పొడుగాటి రిబ్బన్లలా వస్తే బాగున్నట్టు, పొడిలానో ముద్దలానో వస్తే బిట్ మొద్దుబారిందనో తొందరపడుతున్నామనో అర్థం. కాసిని సబ్బునీళ్లు చల్లినా మేలే. మధ్యలో బ్లాంకుని చేత్తో పట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే ఆపేసి వేరే పని చూసుకోండి. యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడిచే అలవాటుంటే మానేయండి, లోపల ఒత్తిడి ఉన్న ముక్క మీద ఆల్కహాల్ పడితే సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి. నీళ్లు చాలు.

చెక్క అయితే ఇంకో చిన్న మాట, బ్లాంకుని రెండుగా కోయకముందే ఒక పక్కన పొడుగూతా పెన్సిల్ గీత గీసి, కోసిన చోటుకి అటూ ఇటూ బాణం గుర్తులు పెట్టండి. లేకపోతే పై ముక్క తిరగబడి గ్రెయిన్ (చెక్క చారలు) కలవదు, పెన్ను నడుం దగ్గర విరిచి అతికించినట్టు కనిపిస్తుంది. నా మొదటి ఆరు పెన్నులూ అలాంటివే, అప్పుడు కనపడలేదు, ఇప్పుడు చూస్తే అదే కనపడుతుంది.

గ్లూ దగ్గరికొస్తే, ఇత్తడి ట్యూబు నున్నగా ఉంటుంది, దాన్ని 150 నంబరు శాండ్‌పేపర్‌తో అడ్డదిడ్డంగా గీకి మెరుపు పోగొట్టండి. మీరు సూపర్ గ్లూతో అతికించానన్నారు, నేనూ చాలాకాలం అదే వాడా. గొడవేంటంటే అది మూడు సెకన్లలో పట్టేస్తుంది, ట్యూబు సగం దూరాక బిగుసుకుపోయి ముందుకీ వెనక్కీ రాకుండా కూర్చుంటుంది, పైగా రంధ్రం కాస్త వదులుగా ఉంటే ఆ ఖాళీ నింపదు. ఖాళీ ఉన్న చోట చెక్కకి లోపలి నుంచి ఆసరా లేనట్టే, నొక్కగానే సరిగ్గా అక్కడే చీలుతుంది. ఐదు నిమిషాల ఎపాక్సీకి మారిపోండి. ట్యూబుకీ రంధ్రం లోపలా రెండు చోట్లా రాసి, తిప్పుతూ తోయండి, రాత్రంతా వదిలేయండి. తోసే ముందు ట్యూబు మూతిని మైనంతోనో బంకమట్టితోనో మూయండి, లోపలికి గ్లూ పోకుండా. ఇది బద్ధకించి వదిలేశారనుకోండి, లోపల గట్టిపడిన గ్లూ చుక్క ఒక్కటి చాలు, అంచు చదును చేసే కట్టర్ కడ్డీ వంకరగా కూర్చుంటుంది, తర్వాత టిప్ నొక్కేటప్పుడు ట్యూబు ఉబ్బి చెక్కని చీలుస్తుంది. ఎక్కడో చేసిన తప్పు ఇంకెక్కడో బయటపడటమంటే ఇదే. రోజ్‌వుడ్, కోకోబోలో లాంటి జిడ్డు చెక్కలకి గ్లూ పట్టదు, రంధ్రాన్ని అసిటోన్‌తో తుడిచి ఆరాక అతికించాలి. లోపలి వరకూ వెలుతురు పోయే యాక్రిలిక్ అయితే ఇత్తడి రంగు బయటికి కనపడుతుంది కాబట్టి ట్యూబుకో, ఇంకా నయం రంధ్రం గోడకో ముందు రంగు వేయాలి.

ఇప్పుడు మీ రీఫిల్ కథ. మొన లోపలికి పోకపోవడానికి మెకానిజం (తిప్పితే రీఫిల్‌ని బయటికీ లోపలికీ జరిపే భాగం) పాడైందని మీరు అనుకుంటున్నారు, నేనలా అనుకోవట్లేదు. ట్యూబు గ్లూ ఆరాక ఆ ముక్కనే బ్యారెల్ అంటాం, బ్యారెల్ ట్రిమ్మర్ అనే కట్టర్‌తో దాని అంచులు చదును చేస్తాం కదా, చెక్క తరిగి తరిగి ఇత్తడి అంచు చుట్టూతా ఒకే సన్నని ఉంగరంలా మెరిసిందంటే ఆపేయాలి. అక్కడ ఆపకుండా ఇంకో రెండు తిప్పులు తిప్పితే ఇత్తడి కూడా తరుగుతుంది, బ్యారెల్ అర మి.మీ., ఒక మి.మీ. పొట్టి అవుతుంది, రీఫిల్ పొడుగు మాత్రం అంతే ఉంటుంది, అంచేత మొన బయటే ఉంటుంది. మెకానిజాన్ని దాని మీదున్న గీత దాటి లోతుగా నొక్కినా ఇదే జరుగుతుంది. కాలిపర్ (లావు, పొడుగు కచ్చితంగా కొలిచే పరికరం) పెట్టి కింది బ్యారెల్ కొలిచి, వాడని కొత్త ట్యూబు పక్కన పెట్టి చూడండి, తేలిపోతుంది.

ఉన్న రెండిటినీ బాగుచేసుకోవచ్చు. పై బ్యారెల్ లాగేసి, రీఫిల్ మరతిప్పి తీసేసి, టిప్ చిల్లులోంచి పట్టే సన్నని ఇనప కడ్డీ దూర్చి మెకానిజాన్ని లోపలి నుంచి మెల్లగా తట్టండి, సుత్తి దెబ్బ కాదు, తట్టడమే, అర మి.మీ. వెనక్కి జరిగితే చాలు. మళ్లీ రీఫిల్ పెట్టి చూడండి. ఇకముందు చేసేవాటికి అయితే గీత దాకా ఒకేసారి నొక్కొద్దు, గీతకి రెండు మి.మీ. ముందే ఆపి, రీఫిల్ బిగించి, తిప్పి చూసి, మళ్లీ తీసి కాస్త నొక్కి, మళ్లీ చూసి, ఇలా మూడు నాలుగు సార్లు. లోపలికి నొక్కడం క్షణం పని, బయటికి తీయడం అరగంట పని.

అంచు చదును ఇంకో రకంగానూ ముఖ్యం. అంచు ఏటవాలుగా ఉంటే మధ్య రింగు ఒక పక్కే ఆనుతుంది, నొక్కుడు బరువంతా ఆ ఒక్క చోట పడి చీలుతుంది. ట్రిమ్మర్ పళ్లు మొద్దుబారితే యాక్రిలిక్ అంచుల్ని కొరుకుతుంది కూడా. నేను ఇప్పుడు ట్రిమ్మర్ పక్కన పడేసి డిస్క్ శాండర్ మీద, ట్యూబులో కడ్డీ దూర్చి నిలువుగా ఆనించే జిగ్‌తో చేస్తున్నా, యాక్రిలిక్ ఎక్కువ చేసేవాళ్లకి అదే నయం.

టిప్ దగ్గర మెట్టు. ఇది లేత్ మీద పుట్టేదే, కానీ లేత్ సైజుతో సంబంధం లేదు. ఒక పని చేయండి, చేసిన పెన్ను పట్టుకుని టిప్ దగ్గర గోరు పెట్టి చుట్టూతా తిప్పండి. ఒక పక్క మెట్టు, ఎదురు పక్క సాఫీగా ఉంటే మాండ్రెల్ (బ్యారెళ్లు గుచ్చి లేత్ మీద తిప్పే కడ్డీ) వంగి తిరుగుతోంది. ఆ కడ్డీ లావు 6 మి.మీ. పైచిలుకు, అంతే. టెయిల్‌స్టాక్ (లేత్ అవతలి చివర ఆనించే భాగం) గట్టిగా బిగించినా, మాండ్రెల్ చివర నట్టు బలంగా తిప్పినా అది విల్లులా వంగుతుంది, తిరుగుతుంటే కంటికి కనపడదు, కోసిందంతా ఒక పక్కకి పోతుంది. తెగేదాకా లాగొద్దని ఊరికే అన్నారా. నట్టు వేళ్లతో బిగిస్తే చాలు, టెయిల్‌స్టాక్ కడ్డీకి ఆనీ ఆననట్టు ఉండాలి. ఇంకా తేడా వస్తే మాండ్రెల్ వదిలేసి 60 డిగ్రీల సెంటర్ల (మొనదేలిన ఆధారాల) మధ్య బుషింగులు (బ్యారెల్ చివర్లలో పెట్టే, ఎంత లావుకి తరగాలో చూపే ఇనప ఉంగరాలు) పెట్టి ఒక్కో బ్యారెల్ విడిగా తిప్పండి, డబ్బు పెట్టాలనుంటే లేత్ మీద కాదు, ఆ రెండు సెంటర్ల మీద పెట్టండి.

చుట్టూతా ఒకేలా మెట్టు ఉంటే మాత్రం బుషింగులు అరిగాయి. శాండ్‌పేపర్ పట్టిన ప్రతిసారీ బుషింగ్ కూడా తరుగుతుంది, పది పదిహేను పెన్నులకి వేలికి తెలిసేంత తేడా వస్తుంది. పైగా ఒక్కోసారి కొత్త బుషింగే కిట్‌తో కలవదు. అందుకే బుషింగుని దాదాపుగా ఇంత అని చెప్పే గుర్తులా చూస్తా తప్ప నమ్మను, టిప్‌ని, రింగుని, క్లిప్ దగ్గర ముక్కని కాలిపర్‌తో కొలిచి ఒక చీటీ మీద రాసుకుని ఆ అంకె దాకా తరుగుతా. సూపర్ గ్లూ పూత వేసేట్టయితే పూత మందానికి చోటుంచాలి, చెక్కని 0.1 నుంచి 0.2 మి.మీ. తక్కువకి తెచ్చి ఆపుతా.

ఉలి పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పదును పెట్టుకుంటే చాలు. కార్బైడ్ బిళ్ల ఉన్న ఉలి వాడేవాళ్లయితే యాక్రిలిక్‌కి పిడి కొంచెం పైకెత్తి, కొస కిందకి వంగేలా పట్టండి, గీకినట్టు పోవాలి, పొడిచినట్టు కాదు. నాలుగు మూలలూ పోయి గుండ్రంగా అయ్యేదాకానే పెచ్చులు లేచే భయం, అప్పటిదాకా ఓపికగా కొంచెం కొంచెం తీయండి. రిబ్బన్లు బ్లాంక్ చుట్టూ చుట్టుకుంటాయి, లేత్ ఆపి తీయండి, తిరుగుతుండగా చెయ్యి పెట్టకండి.

ఇక తెల్లబడటం. అంచుల దగ్గరే తెల్లబడింది అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. మీరు మైక్రోమెష్ (మెరుపు తెచ్చే చాలా సన్నని శాండ్‌పేపర్ లాంటిది) నీళ్లతో రుద్దారు, నీళ్లు చివర్ల నుంచి చెక్కలోకి పోయాయి, పూత కింద తేమ చేరి పొర లేచింది. మొత్తం బ్యారెలంతా మంచు పట్టినట్టు అయితే యాక్సిలరేటర్ (గ్లూని త్వరగా గట్టిపరిచే స్ప్రే) ఎక్కువ కొట్టారనో, పూత మరీ మందంగా వేశారనో అనేవాణ్ణి. ఇంకోటి, గ్లూ బుషింగుకి కూడా అంటుకుని ఉంటుంది, దాన్ని విడదీసేటప్పుడు పెళుక్కుమని అంచు పూత లేస్తుంది, అది కూడా తెల్లగానే కనపడుతుంది.

నేను చేసేది చెప్తా. 150 నుంచి 600 దాకా శాండ్‌పేపర్, ప్రతి నంబరు తర్వాతా లేత్ ఆపి గ్రెయిన్ వెంట పొడుగూతా నాలుగుసార్లు రుద్ది తర్వాతి నంబరుకి వెళ్తా, లేకపోతే చుట్టూ గీతలు పూత కింద భూతద్దంలో చూసినట్టు కనపడతాయి. దుమ్ము తుడిచి, ఇనప బుషింగులు తీసేసి డెల్రిన్ అనే ప్లాస్టిక్ కోన్లు పెడతా, వాటికి సూపర్ గ్లూ అంటదు. స్పీడు బాగా తగ్గించి, టిష్యూ మడత మీద పల్చటి గ్లూ మూడు నాలుగు చుక్కలు, బ్యారెల్ కింద నుంచి ఆనించి ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే చేత్తో, రెండు సెకన్లలో అయిపోవాలి, వెనక్కి తిరిగి మళ్లీ రుద్దితే టిష్యూ పోగులు అంటుకుంటాయి. పల్చటివి రెండు, మీడియం గ్లూవి ఆరు, ప్రతిదానికీ మధ్య రెండు మూడు నిమిషాలు. రుద్దే ముందు బ్యారెల్ రెండు చివర్లకీ ఒక్కో చుక్క పల్చటి గ్లూ పట్టించి మూసేస్తా, నీళ్లు పోయే దారి అక్కడే ఆగిపోతుంది, మీరు వదిలేసింది ఇదే. తర్వాత 600తో మెల్లగా రుద్దితే పూతంతా మసకబారుతుంది, మధ్యలో అక్కడక్కడా మెరిసే చుక్కలు మిగులుతాయి, అవి పల్లాలు, అవి పోయేదాకా రుద్దాలి. అక్కడ తొందరపడి మైక్రోమెష్‌కి వెళ్తే నారింజ తొక్కలా ఉంటుంది ఉపరితలం. మైక్రోమెష్ 1500 నుంచి 12000 దాకా తొమ్మిది ముక్కలు, అన్నీ వాడాలి, మధ్యలో ఎగ్గొట్టొద్దు. యాక్రిలిక్‌కి గ్లూ పూతే అక్కర్లేదు, అదే మైక్రోమెష్, చివర్లో ప్లాస్టిక్ పాలిష్, అంతే.

ఆ టిష్యూ అన్నా కదా, నూలు గుడ్డ మాత్రం వాడకండి. సూపర్ గ్లూ నూలు మీద పడితే భగ్గుమని వేడెక్కి పొగలొస్తుంది, నా ఎడమ బొటనవేలు మీద మచ్చ దానిదే. గుడ్డ తిరిగే బ్యారెల్‌కి చుట్టుకుంటే వేలితో సహా లాక్కెళ్తుంది, టిష్యూ అయితే చిరిగిపోతుంది. మాస్కు కూడా, ముఖ్యంగా రోజ్‌వుడ్ జాతుల దుమ్ముకి, కొంతమందికి మొదట్లో ఏమీ కాదు, వాడగా వాడగా దద్దుర్లు, ఆయాసం మొదలవుతాయి, ఒకసారి మొదలైతే ఆ చెక్క జన్మలో ముట్టుకోలేరు. ఆ రోజ్‌వుడ్ (డాల్బెర్జియా) జాతులు దాదాపు అన్నీ 2017 జనవరి నుంచి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి బ్లాంకులు వేరే దేశం నుంచి తెప్పించుకుంటే పర్మిట్ కాగితాలు అడుగుతారు, అదీ చూసుకోండి.

కిట్ గురించి మీరు అడగలేదు కానీ చెప్తా. స్లిమ్‌లైన్ చవక అని అందరూ దాంతోనే మొదలుపెడతారు, నిజానికి కొత్తవాళ్లకి అదే కష్టం, రెండు బ్యారెళ్లు, చెక్క మందం పలచన, మధ్య రింగు, గ్రెయిన్ కలపడం, లోతు చూసుకుని నొక్కాల్సిన మెకానిజం. సియెర్రా టైపు తీసుకోండి, ఒకటే ట్యూబు, బిట్ 27/64 అంగుళం, పార్కర్ టైపు రీఫిల్ పడుతుంది, అది ఎక్కడైనా దొరుకుతుంది, పైగా స్లిమ్‌లైన్‌లో వచ్చే క్రాస్ టైపు రీఫిల్ కన్నా బాగా రాస్తుంది. 24 క్యారెట్ల బంగారు పూత కిట్ మాత్రం వద్దు, రోజూ వాడితే త్వరగా పోయి కింది లోహం బయటపడుతుంది, క్రోమో, రోడియమో, టైటానియం గోల్డో తీసుకోండి.

ఇప్పుడు మీ దగ్గర మిగిలిన యాక్రిలిక్ బ్లాంకుని అలాగే పక్కన పెట్టి, ఏదైనా పనికిరాని చెక్క ముక్కలు మూడు తీసుకుని డ్రిల్ చేసి, ట్యూబు అతికించి, అంచు చదును చేసి ఆపేయండి, లేత్ ఎక్కించకండి. మూడిటినీ అద్దం ముక్క మీద నిలబెట్టి చూడండి, ఎటూ వాలకుండా, కింద వెలుతురు దూరకుండా నిలబడ్డాయంటే అప్పుడు యాక్రిలిక్ తీయండి.